సారక్క పదో వేలు

సోమవారం పొద్దున ఎనిమిది పదికి రాకేశ్ పోయాడు. ఎనిమిది పన్నెండుకు అకౌంట్ పోయింది.

జగిత్యాల నుంచి కోరుట్ల వెళ్ళే రోడ్డు మీద నంబర్ ప్లేటు లేని టిప్పర్ ఒకటి అతని బైకును గుద్దింది. ఆగలేదు. వెనకాలే వచ్చిన తెల్ల కారు ఆగింది. దిగిన మనిషి రాకేశ్ నాడి చూడలేదు. జేబులోంచి ఫోన్ తీసుకుని, కల్వర్టు మీద పెట్టి, సిమ్‌తో సహా రాయితో నలగ్గొట్టి వెళ్ళిపోయాడు. దొంగిలించడం అతని పని కాదు. ఆ ఫోన్ ఇంకెవరికీ పనికి రాకుండా చేయడం అతని పని.

పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. సిరిసిల్లలో సురేందర్ ఫోన్‌కు రెండు మాటలు వచ్చాయి.

"పోగు తెగింది."

అతను పనిచేసే రహస్య నిఘా విభాగం కోడ్ భాషలో దాని అర్థం, మన మనిషి ఒకడు పోయాడని. పదిహేనేళ్ళలో సురేందర్ ఇంతకుముందు ఆ మాట మూడుసార్లు విన్నాడు. మూడుసార్లూ వెంటనే, తర్వాతి పనేమిటని అడిగాడు. ఈసారి అడగడానికి కొంచెం సేపు పట్టింది. రాకేశ్‌ను ఈ పనిలోకి తెచ్చింది అతనే.

*

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటలు. సిరిసిల్లలో ఒక సాంచాల షెడ్డు, మరమగ్గాలు నడిచే చోటు. దాని వెనక గదికి బయట 'మగ్గం విడిభాగాలు' అని బోర్డు ఉంటుంది. నలభై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే ఆ గదిలో మాట ఏ మైకుకూ చిక్కదు. విభాగం అక్కడ ఉన్నది అందుకే.

చీఫ్ జమున కుర్చీలో కూర్చోలేదు.

"టైం సాయంత్రం ఆరు దాకా. తర్వాత చేసేదేమీ లేదు."

సంగతి ఇది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఒక విదేశీ ముఠా ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల నుంచి ముప్పై ఆరు మంది యువకులను పరాయి దేశంలో ఒక నది ఒడ్డున ఉన్న కాంపౌండ్‌కు చేర్చింది. పాస్‌పోర్టులు గుంజుకుంది. రోజుకు పదహారు గంటలు ఫోన్లలో జనాన్ని మోసం చేయిస్తోంది. ముప్పై ఏడో మనిషి శ్రీశైలం. కోనరావుపేట రైతుబిడ్డ, విభాగం ఏజెంట్. అన్నీ తెలిసే లోపలికి వెళ్ళాడు.

బయటికి మాట చేరవేయడానికి రాకేశ్ ఒక యాప్ తయారు చేశాడు. పేరు 'రోజుకో సామెత'. లోపలున్న ముప్పై ఏడు మంది ఫోన్లలోనూ అది ఉంది. కాపలావాళ్ళు తెరిచి చూస్తే సామెత తప్ప ఏమీ కనపడదు. సామెత మీద వేలు నొక్కి పడితే సందేశాలు రాసే లోపలి డబ్బా తెరుచుకుంటుంది. కాంపౌండ్‌లో ఫోన్లు రోజుకు గంటసేపే చేతికిస్తారు. మన సాయంత్రం ఆరుకు. నిన్న సాయంత్రం శ్రీశైలం రాసిన ముక్కను జమున చదివి వినిపించింది.

"ఆదివారం మమ్ముల వేరే కాడికి మారుస్తరట. యాడికో రేపు చెప్త."

"రేపంటే ఇయ్యాలనే," అన్నాడు సురేందర్.

"ఇయ్యాలనే. సుస్మిత కూడా కొత్త వెర్షన్ విడుదలకు ఇయ్యాల ఆరుకే టైం పెట్టింది."

ఆ యాప్ డెవలపర్ అకౌంట్‌లోకి ముగ్గురికే దారి. రాకేశ్ ఓనర్. సురేందర్‌కు చూసే పర్మిషన్ మాత్రమే. చదవగలడు, జవాబు రాయలేడు. కొత్త వెర్షన్ విడుదల చేసే పర్మిషన్ సుస్మితది. జగిత్యాలలో సాఫ్ట్‌వేర్ కోచింగ్ నడిపేది. నల్లద్దాలు, పట్టుచీర, అయిదు భాషలు. ఆమె గదిలోకి వస్తే ఫ్యాను కూడా నెమ్మదిస్తుందని విభాగంలో ఒక జోకు ఉండేది. సోమవారం నుంచి ఆమె కనపడలేదు. జోకు కూడా ఎవరూ వేయలేదు. ముఠా కోసం ఆమె తయారు చేసిన కొత్త వెర్షన్ చేసే పని ఒకటే. సామెతను నొక్కి పట్టిన వాళ్ళ పేర్లన్నీ కాపలావాళ్ళకు పంపుతుంది.

"రాకేశ్ పాస్‌వర్డ్ మన సీల్డ్ కవర్లో ఉంది. కొట్టి చూశాం," అంది జమున. "మీరేనని రుజువు చేయండి అంటోంది. కోడ్ రాకేశ్ నంబర్‌కే పోతుంది."

"కంపెనీకి రాస్తే?"

"అధికారికంగా మనం లేం, సురేందర్. లేనివాళ్ళకు లెటర్‌హెడ్ ఉండదు. ఓనర్ చనిపోయాడని మామూలు ఫారమే పెట్టించాను. పద్నాలుగు పనిదినాలన్నారు."

"డూప్లికేట్ సిమ్?"

"ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ వేలిముద్ర కావాలె." జమున సీల్డ్ కవర్ పక్కన పెట్టింది. "బుధవారం సమాధి చేసినం గదా."

సురేందర్ తలెత్తాడు.

"నంబర్ రాకేశ్ పేరు మీద లేదు మేడం. అది తీసుకున్నప్పుడు వానికి పదహారేండ్లు. సిన్నమ్మ ఆధార్ మీద తీసుకున్నడు."

బల్ల మీద పెన్ను కెమెరా, గుండీ మైకు, గొంతు మార్చే యంత్రం ఉన్నాయి. సురేందర్ వాటిని ముట్టుకోలేదు. ల్యాప్‌టాప్, ఒక కీప్యాడ్ ఫోన్ తీసుకున్నాడు. తెల్లచొక్కా వేసుకుని, రెక్సిన్ బ్యాగు చంకన పెట్టుకుని, బీడీ కార్మికుల పీఎఫ్ గుమాస్తాగా బయటికి నడిచాడు.

దారిలో అతనికి ఒకటే గుర్తొచ్చింది. పోయిన నెల రాకేశ్ అడిగాడు: "అన్నా, నిన్ను గూడ ఓనర్‌గ పెడుతనే?" సురేందర్ వద్దన్నాడు. రెండు తాళంచెవులుంటే దొంగకు రెండు అవకాశాలని నీతి చెప్పాడు. సుస్మితకు పర్మిషన్ ఇమ్మని చెప్పింది కూడా అతనే.

*

కోరుట్లలో సారక్క గడప మీద కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల్లిదండ్రులు పోయిన రాకేశ్‌ను పెంచిన సిన్నమ్మ ఈమే. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆమె చూపు చాటలో లేదు.

"నమస్తే అవ్వా. పీఎఫ్ ఆఫీసు నుంచి అచ్చిన. వేలిముద్ర..."

"కూసో కొడుకా," అంది సారక్క. "బుధవారం నాడు సమాధుల గోడ కాడ నిలవడ్డది నువ్వే గదా. పీఎఫ్ సార్లు గంత దూరం నిలవడి ఏడ్వరు."

పదిహేనేళ్ళలో అతని వేషం మొదటిసారి పట్టుబడింది.

"రాకేశ్ నంబర్ మళ్ళ నడిపియ్యాలె," అన్నాడు. "మన పోరగాండ్లు కొందరు ఆపదల ఉన్నరు. నీ వేలిముద్ర కావాలె."

"మీకందరికీ నా వేళ్ళే కావట్టె! పొద్దుగాల ఒక పిల్ల అచ్చింది. నల్లద్దాలు. పింఛన్ అన్నది. పది వేళ్ళు మిషిన్ల పెట్టిచ్చింది. ఒక్కటి పడలే."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? పింఛన్ నాకు అచ్చుడే అస్తున్నది. అబద్ధమాడెటోళ్ళకు నేనెందుకు దారి జూపాలె?"

సురేందర్ ఆమె చేతులు చూశాడు. నలభై ఏళ్ళుగా తునికాకు రుద్దిన వేళ్ళు. కొసలు గాజులా నున్నగా ఉన్నాయి. సుస్మితను ఆపిన వేళ్ళు ఇవి. ఇప్పుడు అతన్నీ ఆపబోతున్నాయి.

బస్టాండు దగ్గర సిమ్ దుకాణంలో అదే జరిగింది. బొటనవేలు, ఎర్ర లైటు. చూపుడు వేలు, ఎర్ర లైటు. నాలుగోసారికి దుకాణదారు మిషన్ వెనక్కి లాక్కున్నాడు.

"ఇంకొక్కటే చాన్స్ సార్. అది పోతే రేపే."

"అవ్వా, కంట్రోల్ బియ్యం నెలనెలా ఎట్ల తెచ్చుకుంటున్నవ్? ఆడ గూడ వేలిముద్రనే గదా?"

"ముత్యం పట్టి పెడ్తడు. నేను అటు మొకం వెట్టి ముచ్చట వెడ్త. ఏ వేలో నాకేమెరుక?"

రేషన్ డీలర్ ముత్యం మెట్‌పల్లి పెళ్ళికి వెళ్ళాడు. అతను వచ్చేసరికి రెండు నలభై. నుదుటి మీద అక్షింతల గింజ ఒకటి అలాగే ఉంది. సారక్క చేయి పట్టుకుని చూశాడు.

"ఏందే సారక్కా, చెయ్యి గిట్ల మంచుగడ్డ లెక్క ఉన్నది? అన్నం తిన్నవా లేదా?"

"నీ పెండ్లి భోజనం సంగతి జూడు ముందుగాల. మూతికి పప్పున్నది."

ముత్యం మూతి తుడుచుకున్నాడు. చాయ్ తెప్పించి వేడి గ్లాసు ఆమె ఎడమచేతిలో పెట్టాడు. "సల్లటి వేలు పడదు సార్. నా దగ్గర రెండు వందల మంది బీడీలోళ్ళున్నరు. ఎవరికే వేలు పడ్తదో నాకు నోటికచ్చు." గ్లాసు చల్లారాక చిటికెన వేలిని ఆమె నూనె తల మీద ఒకసారి రాశాడు. దాన్ని నిలువుగా కాదు, పక్కకు పడుకోబెట్టి, అంచు మాత్రమే తగిలేలా ఒత్తాడు.

ఆకుపచ్చ లైటు.

"పదోది," అన్నాడు ముత్యం. "బీడీకి పనికిరాని వేలు. అందుకే మిగిలింది."

దుకాణదారు సిమ్ చేతికిచ్చాడు. "మూడు గంటలల్ల ఆన్ అయితది. మెసేజులు మాత్రం రేపటిదాంక రావు సార్. సిమ్ మారిస్తే ఒక రోజు బంద్ పెడ్తరు."

"కాల్?"

"కాల్ వస్తది."

*

అయిదు నలభై మూడు. సారక్క ఇంట్లో బీడీల గంప బోర్లించి, దాని మీద ల్యాప్‌టాప్. ఫోన్‌లో సిగ్నల్ గీతలు లేచాయి. సురేందర్ రాకేశ్ పాస్‌వర్డ్ కొట్టి, కోడ్‌ను కాల్ ద్వారా పంపమని నొక్కాడు. మూడు అవకాశాలు.

ఫోన్ మోగింది. ఎత్తాడు.

"కోరుట్లల ఎండ ఎట్లున్నది, సురేందర్?"

సుస్మిత. సోమవారం నుంచి ఆమె ఆ చచ్చిన నంబర్‌కు ఫోన్ చేస్తూనే ఉంది. మోగిన రోజున దాని అర్థమేమిటో ఆమెకు తెలుసు. అతను కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆమే. తెర మీద అక్షరాలు వచ్చాయి: లైన్ బిజీ, ఇంకా రెండు అవకాశాలు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆమే అడ్డుపడింది. ఇంకొక్కటి.

అయిదు యాభై ఒకటి.

సురేందర్ ఫోన్ మీద కీలు నొక్కాడు. స్టార్, నాలుగు, మూడు, హాష్. రీచార్జి దుకాణాల్లో అందరికీ తెలిసిన ముక్క. కాల్ వెయిటింగ్ ఆన్ అయింది. ఇప్పుడు ఒక కాల్ నడుస్తుండగా రెండోది వస్తే లోపల బీప్ వినపడుతుంది. ఫోన్ మళ్ళీ మోగింది. దాన్ని సారక్క చేతికిచ్చాడు.

"పొద్దుగాలటి పిల్ల. మాట్లాడిస్తనే ఉండు అవ్వా. పెట్టేయనియ్యకు."

"పింఛన్ పిల్లవేనా?" అంది సారక్క.

"అవునవ్వా. నీ వేలు పడలేదు గదా." సుస్మిత గొంతులో తొందర లేదు. లైన్ ఖాళీ లేకపోతే చాలు ఆమెకు. ఆ మాటలు ఆగిపోకూడదని ఇప్పుడు ఇరువైపులా కోరుకుంటున్నారు.

"మళ్ళ రా. అద్దాలు తీసి రా. నీ కండ్లు జూడాలె."

సుస్మిత నవ్వింది. "కండ్లల్ల ఏముంటదవ్వా?"

"నువ్వు సుస్మితవే గదా? మా రాకేశ్ చెప్పిండు. క్రిస్మస్‌కు సుస్మితక్కను తోల్కస్త, కోడి కూర వండు సిన్నమ్మా అన్నడు. నీకు కారం తక్కువ ఎయ్యాల్నట."

అటువైపు నవ్వు ఆగింది. సురేందర్ ల్యాప్‌టాప్‌లో చివరి అవకాశం నొక్కాడు. తర్వాత సారక్క చెవిలో బీప్ మోగింది. సురేందర్ ఆమె చేతి మీదుగానే పచ్చ బటన్ నొక్కి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. యంత్రం ఇంగ్లీషులో ఆరంకెలు చదివింది. అంకెకు అంకె కొట్టాడు.

పేజీ తెరుచుకుంది. అయిదు యాభై ఏడు.

సుస్మిత పేరు పక్కన 'తొలగించు' బటన్ బూడిద రంగులో ఉంది. విడుదల ఆపే బటన్ కూడా అంతే. కింద ఒక వాక్యం: కొత్త పరికరం నుంచి లాగిన్ అయ్యారు, మీ భద్రత కోసం ఈ మార్పులను డెబ్బై రెండు గంటలు నిలిపివేశాం.

ఒక్క బటన్ మాత్రం ఎర్రగా వెలుగుతోంది. 'యాప్ కీ రద్దు'. రాకేశ్ దాన్ని ఒకసారి చూపించాడు. "అన్నీ బంద్ వడ్డా గిదొక్కటి పని చేస్తదన్నా. దొంగ జొరవడితే ఇల్లే కూలగొట్టుకునుడు." నొక్కితే పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండూ చస్తాయి. ముప్పై ఏడు ఫోన్లలో ఉన్నదంతా చెరిగిపోతుంది. శ్రీశైలం ఆరుకు రాయబోయే ఊరి పేరు కూడా ఎప్పటికీ రాదు.

ఆరు దాకా ఆగితే ఆ పేరు రావచ్చు. దానితో పాటు ఆ పేరు రాసిన మనిషి పేరు కాపలావాళ్ళకు చేరుతుంది.

తెర మూలన ఆ రోజు సామెత కనిపిస్తోంది. నిదానమే ప్రధానం.

అయిదు యాభై తొమ్మిదికి సురేందర్ ఎర్ర బటన్ నొక్కాడు. తెర మీది పట్టికలో ఫోన్‌కొకటిగా ఉన్న ముప్పై ఏడు చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. అతను చివరి దాకా చూశాడు. ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. సుస్మిత ఇంకా లైన్లోనే ఉంది. ఆమె తెర మీద కూడా అదే కనపడి ఉంటుంది.

"మేం నలుగురైదుగురి నోళ్ళు మూద్దామనుకున్నం," అంది నెమ్మదిగా. "నువ్వు అందరివీ మూసినవ్."

పెట్టేసింది.

సారక్క చాట దగ్గరికి వెళ్ళలేదు. "మా రాకేశ్‌ది ప్రమాదం గాదు గదా?"

చెప్పకూడదన్నది విభాగం నియమం.

"కాదు," అన్నాడు సురేందర్.

ఆమె తల ఊపింది. "మరి గా పోరగాండ్లు అస్తరా?"

సురేందర్ గంప మీదికి వంగాడు. ల్యాప్‌టాప్ మూయబోతుంటే మెయిల్ ఒకటి వచ్చింది. కోరుట్ల నుంచి కొత్త లాగిన్ జరిగింది. రాకేశ్, ఇది మీరేనా? కింద రెండు బటన్లు. కాదంటే అకౌంట్ పూర్తిగా మూసుకుపోతుంది. సురేందర్ 'అవును, నేనే' అని నొక్కాడు.

*

సోమవారం ఉదయం సాంచాల చప్పుడులో జమున ముందు అతను పెట్టిన రిపోర్టు పెద్దదేమీ కాదు. ముఠా ఎత్తు పారలేదు. సుస్మిత కారు జగిత్యాల బస్టాండు వెనక దొరికింది; సుస్మిత దొరకలేదు. అకౌంట్ ఓనర్ రాకేశ్, చివరిసారి యాక్టివ్‌గా ఉన్నది శుక్రవారం సాయంత్రం, అంటే చనిపోయిన నాలుగు రోజులకు. సారక్కకు నిజం చెప్పిన సంగతి రిపోర్టులో రాయలేదు.

చివరి వరుస: ఆదివారం దాటింది. ముప్పై ఏడు మందిని ఎక్కడికి మార్చారో ఇంకా కనుక్కోలేదు.