మామగారు కాదన్న రోజు

“రేపటి ఇంటర్వ్యూకి రానని ఇప్పుడే రాసి పంపించెయ్!”

భర్త ఆ మాట అనేసి కంచం ముందు నుంచి లేచిపోయాడు. రంగుల దుకాణం నుంచి ఆకలిమీద వచ్చిన మనిషి, పట్టుమని రెండు ముద్దలైనా తినలేదు. వడ్డించబోయిన గరిటె భార్య చేతిలో అలాగే ఉండిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారు కొడుకు వైపే చూశారు గానీ కోడలి వైపు చూడలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న మామగారు మాత్రం ముగ్గురినీ మార్చి మార్చి చూసి, “సరే” అన్నారు.

పక్షవాతం వచ్చిన నాటి నుంచీ ఆయనకు మిగిలిన మాట అదొక్కటే! ఒకప్పుడు బస్సు కండక్టరుగా కిక్కిరిసిన జనాన్ని తన గొంతుతోనే ముందుకు జరిపిన మనిషి... ఆకలేసినా ‘సరే’, నొప్పెట్టినా ‘సరే’, కోపమొచ్చినా ‘సరే’! ఆ ఒక్క మాటలోని హెచ్చుతగ్గులు పట్టుకుని ఆయనకు ఏం కావాలో చెప్పగలిగేది ఇంట్లో కోడలొక్కతే. ఆమెది ఆ పనే మరి. పెద్దాసుపత్రిలో, జబ్బు వల్ల మాట పడిపోయిన వాళ్ళకు మళ్ళీ మాటలు నేర్పిస్తుంది. రోగులంతా ఆమెను ‘మాటలమ్మ’ అని పిలుస్తారు.

ఆ పనిలోనే ఆమెకు ఎక్కడో వెలితి. తమ దగ్గరున్న అభ్యాసాలన్నీ పరాయి భాషలో తయారైనవి. వాటిని తెలుగులోకి తిప్పి చెబితే సగం మంది నాలుక తిరగదు. మన మాటలకు, మన నోళ్ళకు సరిపడే పద్ధతి మనమే కట్టుకోవాలి. అది ఎలా కట్టాలో నేర్పే ఏడాది చదువు విదేశంలో ఉందని తెలిసినప్పటి నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. సీటైతే తేలిగ్గానే వచ్చింది... డబ్బు దగ్గరే వచ్చింది చిక్కంతా! ఒక సంస్థ, వయసు దాటిపోయిందంది. ఇంకొకటి, ఫీజు వరకు ఇస్తాం, అక్కడి గదీ తిండీ మీరే చూసుకోవాలంది. మరొకటి ఉలకలేదు, పలకలేదు. దాంతో సీటు వదులుకుంది. మరుసటి ఏడు మళ్ళీ తెచ్చుకుంది. కాదన్న ప్రతిచోటికీ, “నాలో లోపమేమిటో దయచేసి చెప్పండి” అని రాసింది. ఒక్కచోట నుంచి మాత్రం జవాబొచ్చింది. “మీ మార్కుల గురించి చాలా రాశారు. మీ రోగుల గురించి ఏమీ రాయలేదు” అని! చెంపమీద కొట్టినట్టయింది ఆమెకు. ఈసారి మార్కుల ఊసెత్తకుండా, ఒక్క మాటతో బతుకుతున్న తన మామగారి గురించి రాసింది. అంతే! చదువు, ఉండటం, తిండి, రాకపోకలు అన్నీ భరించే సంస్థ ఆఖరి ఇంటర్వ్యూకి పిలిచింది. ఆసుపత్రి వాళ్ళు కూడా సెలవిస్తామన్నారు.

కాదన్నది ఇల్లు!

“ఏమండీ... ఒక్క ఏడాది. అందులో మన ఖర్చేమీ లేదు. ఇన్నాళ్ళూ దీనికోసం నేనెంత తిరిగానో మీకు తెలుసు కదా!” గరిటె కింద పెట్టి అడిగింది.

“ఖర్చు గురించి కాదే నా బాధ!” చెయ్యి కడుక్కుంటూనే అరిచాడతను. “నువ్వు లేకపోతే నాన్న గతేంటి? ఆ ఒక్క మాటైనా నువ్వున్నావు కాబట్టి నిలబడింది. రేపు నువ్వెళ్ళాక అది కూడా పోతే? అప్పుడు నేనేం చెయ్యాలి? ఎవరితో చెప్పుకోవాలి?”

అతని కళ్ళలో నీళ్ళు! అంతవరకూ అది మొండితనమనుకుంది ఆమె. భయమని అప్పుడు తెలిసింది... కోపమైతే ఎదురు చెప్పేదే. భయానికి ఏమని చెబుతుంది?

“పోనీ మామయ్యగారినే అడగండి!” అంది ఆఖరి ఆశతో.

అతను తండ్రి ముందుకెళ్ళి మోకాళ్ళమీద కూర్చున్నాడు. “నాన్నా! కోడల్ని పంపించమంటావా?”

“సరే.”

“పంపించొద్దా?”

“సరే.”

ఆ రెండు ‘సరే’ల్లో తేడా ఈసారి ఆమెకు కూడా అందలేదు.

“చూశావుగా!” అని అతను విసురుగా లేచి దుకాణానికి వెళ్ళిపోయాడు. ఆ విసురులో పాపం, చెప్పులు కూడా మార్చి తొడుక్కున్నాడు. ఇంకో రోజైతే ఆమె పడీ పడీ నవ్వేది. ఆ రోజు మాత్రం గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ‘ఊళ్ళో వాళ్ళందరికీ మాట నేర్పించాను, నా మాట వినే వాళ్ళే లేకపోయారా...’ అనుకుంటే దుఃఖం పొర్లుకొచ్చింది!

ఎంతసేపు ఏడ్చిందో, చివరికి మొహం కడుక్కుని వచ్చి, మామగారి ఎదురుగా అద్దం పెట్టింది. రోజూ ఆ వేళకు ఆయనకు పాఠం. మాటలు పోయినా ఆయన చేతిలో లయ పోలేదని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. బస్సు కదలాలంటే రేకుమీద చరిచేవారే, ఆ చరుపుతో పాటు మాట బయటికి లాగాలని ఆమె తాపత్రయం. నెలల తరబడి “కాదు” అన్న మాట కోసం పాటుపడుతోంది. కాదనలేని మనిషి చేత ఎవరైనా ఏమైనా ఒప్పించేస్తారు కదా!

ఆ రోజు పాఠం సాగలేదు. ఆయన పాదాల దగ్గర కూలబడి, “నేను వెళ్ళడం లేదు మామయ్యగారూ. రానని రాసేస్తాను. ఇక్కడే, మీ దగ్గరే ఉంటాను. సరేనా?” అంది.

ఆయన సరే అనలేదు!

మొహం ఎర్రబడింది. మెడ నరాలు పొంగాయి. పెదవి వంకర తిరిగింది. ఆమె కంగారుగా లేవబోతే, బాగున్న చెయ్యెత్తి కుర్చీ చేతిమీద ఫట్ మని చరిచారు. “కా...” మళ్ళీ చరిచారు. “కా... కా...” నుదుటిమీద చెమట! “మామయ్యగారూ, వద్దు, అలిసిపోతారు!” అని ఆమె ఆ చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకుని, బస్సంతా దద్దరిల్లేలా చరిచినట్టు ఇంకొక్కటి చరిచి...

“కాదు!” అన్నారు.

వంటింట్లో గిన్నె కింద పడింది. అత్తగారు పరుగెత్తుకొచ్చారు. “ఎవరే? ఎవరే ఇప్పుడు కాదన్నదీ?”

“కాదు!” అన్నారాయన, భార్య మొహం మీదే!

ఆ పెద్దావిడ నవ్వుతూ ఏడుస్తూ భర్త తలను గుండెకు హత్తుకున్నారు. “పెళ్ళయిన నాటి నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను, ఇంత తియ్యగా ఎన్నడూ లేదు!” అంటుంటే కోడలు భర్తకు ఫోను చేసింది.

ఫోనందుకున్న కొడుకు దుకాణం తలుపైనా వెయ్యకుండా పరుగున వచ్చాడు. రొప్పుతూ తండ్రి ముందు కూర్చున్నాడు. “నాన్నా... కోడలు ఇక్కడే ఉండిపోవాలా?”

“కాదు!”

“మరి వెళ్ళాలా?”

“సరే!”

అతను తండ్రి ఒళ్ళో తలపెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ పెద్ద చెయ్యి కొడుకు తల నిమిరింది. కాసేపటికి అతను తలెత్తి, భార్య వైపు చూసి, “నాకు భయమేసిందే... అంతే. నీ చదువు మీద కోపం లేదు” అన్నాడు. ఆమె కొంగుతో అతని కళ్ళు తుడిచింది.

మర్నాడు ఉదయం ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. తెరమీద ముగ్గురు. ప్రశ్న తరవాత ప్రశ్న. దేనికీ తడుముకోలేదు. నిన్న పుట్టిన మాట గురించి చెబుతుంటే ముగ్గురూ రాసుకోవడం ఆపి విన్నారు. చివర్లో వాళ్ళలో పెద్దావిడ అడిగింది, “మీరిక్కడికొస్తే మీ మామగారికి పాఠాలెవరు చెబుతారు?”

ఆమె “మామగారికి...” అని ఆగిపోయింది. తలుపు చాటున నిలబడ్డ భర్త తన తల్లి చెవిలో ఆ ప్రశ్నను తెలుగులోకి తిప్పి చెప్పాడు. మరుక్షణం అత్తగారు తడి చేతులతోనే తెరముందుకొచ్చేశారు.

“నేను చెబుతానని చెప్పవే! రోజూ నువ్వు చెప్పేదంతా వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. తప్పు చేస్తే నువ్వు ఫోన్లో నన్ను తిట్టు, పడతాను. పిల్లని మాత్రం పంపకుండా ఉండనని చెప్పు వాళ్ళకి!”

“ఏమంటున్నారు?” అంది తెరమీది పెద్దావిడ.

ఆమె కన్నీళ్ళు తుడుచుకుంటూ ఒక్క మాట వదలకుండా తిప్పి చెప్పింది, ఆ తిట్ల మాటతో సహా. ముగ్గురూ పకపకా నవ్వారు. “ఆవిడకు మేమిచ్చేదేమైనా ఉందేమో చూడాలి!” అన్నాడొకాయన.

కబురు ఆసుపత్రిలో ఉండగా వచ్చింది. ఖర్చంతా భరిస్తూ స్కాలర్‌షిప్! ఆమె ఫోను పట్టుకుని ఆ కబురు చదివి వినిపిస్తుంటే, మంచాలమీది రోగులు, సగం సగం మాటలవాళ్ళు, ఎవరికొచ్చిన శబ్దం వాళ్ళు చేసి సంబరపడ్డారు. ఒకాయన “ఆ” అన్నాడు, ఒకావిడ పళ్ళెం వాయించింది. అంత గొప్ప సన్మానం ఆమెకు మళ్ళీ జరగదు!

ప్రయాణం రోజున విమానాశ్రయంలో భర్త పెట్టె మోసుకొచ్చాడు. లోపలికెళ్ళే చోట ఆగి, “నాన్న గురించి బెంగపడకు. అమ్మకు నోరు తిరగని మాటలు నేను పలికిస్తాను. నువ్వు నేర్చుకోవాల్సింది మిగల్చకుండా నేర్చుకునే రా” అన్నాడు. చక్రాల కుర్చీలోంచి మామగారు ఆమె తలమీద చెయ్యి వేసి అక్కడే ఉంచేశారు. తియ్యమని ఎవరూ అనలేదు.

అత్తగారు మాత్రం వరుసలో ముందు నిలబడ్డ ముక్కూ మొహం తెలియని ఆవిడను పట్టుకున్నారు. “మా కోడలండీ! చదువుకోవడానికెళ్తోంది! ఖర్చంతా వాళ్ళదే! ఊరికే ఇచ్చారనుకునేరు, ఎంతమందిలోనో నెగ్గింది! మాట పోయినవాళ్ళకి మాట తెప్పిస్తుంది మా పిల్ల!”

“అత్తయ్యా... చాల్లెండి!” అంది ఆమె సిగ్గుతో.

“ఎందుకు చాలు?” అన్నారు అత్తగారు, గొంతు ఇంకాస్త పెంచి. వరుసలో వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. ఎవరో పక్కకు జరిగి, “ముందు మీరు వెళ్ళండమ్మా” అని దారిచ్చారు. ఆమె కళ్ళనిండా నీళ్ళతో, మొహమంతా నవ్వుతో, తల ఎత్తుకుని లోపలికి నడిచింది!