పిడి వైపు

అయినా ఏడ్చినవాళ్ళ మొహాలు ఇంత నిగనిగలాడవు కదా, అనుకుంటోంది వకుళ. ఏడిస్తే కళ్ళు ఉబ్బుతాయి, ముక్కు ఎర్రబడుతుంది, మనిషి కుంచించుకుపోయి తన చెప్పులు తనే వెతుక్కోలేక తడబడతాడు. వీళ్ళు అలా లేరు. గదిలోంచి బయటికి వస్తున్నవాళ్ళ బుగ్గల్లో రక్తం ఉంది, నడకలో ఊపు ఉంది. పెళ్ళి ఊరేగింపులో డప్పుల ముందు ఆడి వచ్చినవాళ్ళలా ఉన్నారు. బాధకు కూడా అలాంటి వెలుగు ఉంటుందేమో. పరాయి బాధ మొదటిసారి ఒంట్లోకి దిగినప్పుడు మనిషి ఇలాగే మెరుస్తాడేమో. ఆ మాట తనకు తాను చెప్పుకుని, నమ్మి, మళ్ళీ అనుమానపడి, చేతిలో టీ చల్లారేదాకా షెడ్డు గుమ్మంలోనే నిలబడిపోయింది.

బయట ఆజమాబాద్ వీధిలో జనం బారు ఫ్లైఓవర్ నీడ దాటి చెరుపు కొలిమి దాకా సాగింది. ఆ కాలపు హైదరాబాద్‌లో ప్రతి సందు మొదట్లోనూ ఒక చెరుపు కొలిమి ఉండేది, పక్కనే టీ బండి. పాత గరిటెలు, పట్టకార్లు, తాళాలు, సుత్తులు తెచ్చి అందులో ఎర్రగా కాల్పించుకుని పోయేవారు. కూతురి కాపురానికి వాడిన గిన్నెలు ఇచ్చే తల్లులు కూడా ముందు కొలిమిలో పెట్టించి ఇచ్చేవారు. ఇంట్లో ఏం జరిగిందో గిన్నెలకు తెలుసు. ఎర్రగా కాలితే తప్ప అవి మరిచిపోవు.

దీనికంతటికీ కారణం ఘాతలేఖిని. దాన్ని కనిపెట్టిన అర్షద్ నిజానికి వంతెనల డాక్టరు. ఇనుములో పగుళ్ళు ఎక్కడ మొదలవుతాయో వెతకడం ఆయన పని. లోహమైనా కర్రయినా దెబ్బకు గురైనప్పుడు లోపలి అణువుల వరసలు రవ్వంత జరుగుతాయి. ఆ జరుగుడు కంటికి కనపడదు గానీ చెరిగిపోదు. ఆయన దానికి ఘాతస్మృతి అని పేరు పెట్టాడు. అతిధ్వని తరంగాలతో ఆ స్మృతిని చదివే యంత్రం కట్టాడు. తర్వాత వేలి కొసల నుంచి భుజం మీదుగా దవడ దాకా వచ్చే ఒక నాడీ తొడుగును దానికి కలిపాడు. తొడుగు వేసుకున్న చేత్తో వస్తువును ముట్టుకుంటే, ముట్టుకున్న చోట ఒకప్పుడు ఎంత బలం పనిచేసిందో అదంతా నరాల్లోకి వస్తుంది. చర్మం మీద గీత కూడా పడదు. అనుభవం మాత్రం అసలుదే.

పోలీసులు దాన్ని సాక్ష్యానికి వాడుకున్నారు. నగరంలోని కుర్ర కళాకారులు వాడుకున్నది మరోరకంగా. వాళ్ళకు రంగులు, కాన్వాసు అంటే మొహం మొత్తింది. అందరి ఇళ్ళలో ఉండే సరుకే వాళ్ళ సామగ్రి. ఒకమ్మాయి ఆటో టైర్లు కోసి తెరలు అల్లింది. ఒకడు బట్టల సబ్బుల్లో చార్మినార్ సందులు చెక్కాడు. వకుళ ఇళ్ళలో మనుషులను కొట్టిన సామాన్ల వైపు వెళ్ళింది. ఈ షెడ్డులో ఆమె గదికి ‘తగిలినవి’ అని పేరు. చూరు నుంచి సన్నని తీగలకు స్కూలు చెక్క స్కేలు, సైకిల్ చైను, ఒక తోలు బెల్టు, ఒక చేతికర్ర వేలాడుతున్నాయి. మధ్యలో పిడి ఉన్న ఇనుప పెనం. జనమంతా వచ్చేది దానికోసమే.

పెనం ఆమె అక్క చంద్రమతిది. బావ కొండల్ దాంతో చంద్రమతి దవడ విరగ్గొట్టాడు. అతను కొలిమికి పంపేలోపల ఆమె పెనాన్ని చీరకొంగులో చుట్టుకుని చెల్లెలి గదికి వచ్చేసింది. దవడ అతికింది గానీ, మాట ఇప్పటికీ ఎడమవైపుకు జారుతుంది. ఇప్పుడు కొండల్ పెద్దమనుషులను వెంటేసుకుని తిరుగుతున్నాడు, చంద్రమతిని తీసుకుపోతానని. అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు: “ఒక్కటే తగిలింది, అది గూడ చెయ్యి జారి.” పెద్దమనుషులు తలాడిస్తున్నారు. తనను నమ్మినవాళ్ళు లేకపోవడం చంద్రమతిని దవడకన్నా ఎక్కువగా కొరికింది. చివరికి ఒక షరతు పెట్టింది. “ముందుగాల ఆ పెనం ముట్టు. నాకు తాకింది నీకు తాకినంక, అప్పుడు గూడ రమ్మంటే వస్త.”

ఈ గది మొత్తం ఆ ఒక్క ముట్టుకోవడం కోసమే కట్టింది వకుళ. ఆ సంగతి ఏ విమర్శకుడికీ చెప్పలేదు.

“ఒక బోర్డు పెట్టు అంటే వినవు గదా,” అన్నాడు అర్షద్, వెనక నుంచి వచ్చి. “ఎక్కడ ముట్టాలె, ఎట్ల ముట్టాలె. మిషన్ అన్నంక సూచనలు ఉండాలె.”

“అర్షద్ భాయ్, ఇది మిక్సీ గాదు, వాడే విధానం అచ్చేసి అతికించడానికి. మనిషికి తెలిసిన సామాన్లు పెట్టిందే అందుకు. చెయ్యికి తెలిసిన దారిల చెయ్యి పోవాలె.”

“పోతుంది, పోతుంది. ఎటు పోతుందో చూసినవా మరి?”

ఆమె జవాబు చెప్పేలోపల బారులో గలాటా మొదలైంది. ఒకసారి లోపలికి వెళ్ళివచ్చి, రెండోసారి కోసం మళ్ళీ మధ్యలో దూరిన ఒకాయన ముందువాడి చెవి మీద గుద్దాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, బ్యాంకులో పనిచేసే మనిషిలా ఉన్నాడు. గుద్దింది కోపంతో కాదు. ఒక కొత్త పనిముట్టు ఎలా పనిచేస్తుందో చూసుకున్నట్టు గుద్దాడు. తర్వాత తన పిడికిలి వైపు ఆసక్తిగా చూసుకున్నాడు. దెబ్బతిన్నవాడి చెవి నుంచి రక్తం కాలర్ మీదికి కారింది. వాడు తిరగబడి ఇతని ముక్కు పగలగొట్టాడు. కాపలావాళ్ళు ఇద్దరినీ విడదీసి బయటికి నెట్టేసరికి బారులో ఒకామె ఆపకుండా నవ్వుతూనే ఉంది. వకుళకు ఎందుకో ఆ బ్యాంకు మనిషి పిడికిలి మాత్రమే కళ్ళలో ఉండిపోయింది.

సాయంత్రం కొండల్ వచ్చాడు. కాస్త వెనకగా చంద్రమతి.

“ఏంది వకుళా, మా పెనానికి టికెట్ పెట్టినవంట,” అన్నాడు కొండల్ నవ్వుతూ. “దోసెలు గూడ పోస్తున్నరా?”

“లోపలికి రా బావా.”

అతని చేతికి తొడుగు ఆమే వేసింది. భుజం దగ్గర పట్టీని అవసరానికి మించి బిగించింది. భయం కాదు. ఆకలి లాంటిదేదో. చంద్రమతి గోడకు ఆనుకుని, అతనికి నొప్పి తగిలే క్షణానికి కాచుకున్నట్టు, భర్త మొహాన్నే చూస్తోంది.

కొండల్ పెనం పట్టుకున్నాడు. ఒళ్ళు ఒక్కసారి బిగిసింది. భుజం పైకి లేచింది. వకుళ అతని దవడ వైపు చూసింది, అది ఎప్పుడు వంకర పోతుందా అని. పోలేదు. కనురెప్పలు సగం వాలాయి. నుదుటి మీద ముడత విప్పుకుంది.

“గంతేనా?” అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. “నేను మొదటికెల్లి చెప్తున్న గదా, ఏం లేదని. చెయ్యికి జరంత ఊపొచ్చింది, గంతే.” కానీ పెనం వదలలేదు.

వకుళ తన చెవిలోని పలుకుబిళ్ళను, యంత్రంతో మాట్లాడించే దాన్ని, నొక్కి అడిగింది. “లేఖినీ, ఈయనకు ఏం అందుతోంది?”

“పిడిలో నిలిచిన బలం,” అంది యంత్రం తన చదును గొంతుతో. “అరచేతి బిగింపు, మణికట్టు మలుపు, భుజం విసురు. కొట్టిన చేయి.”

“తగిలిన చోటిది ఎందుకు ఇయ్యవు?”

“ఆయన తగిలిన చోట ముట్టుకోలేదు.”

“పొద్దటి నుంచి వచ్చినవాళ్ళు?”

“అందరూ పిడి వైపే పట్టుకున్నారు. ప్రదర్శన మొదలైన రోజు నుంచీ.”

ఆ మెరిసే బుగ్గలు, ఆ ఊపు ఆమెకిప్పుడు అర్థమయ్యాయి. తెలిసిన సామాను పెట్టింది తనే. తెలిసిన సామానును మనిషి ఎక్కడ పట్టుకుంటాడో చెయ్యికి తెలుసు. ఊరు ఊరంతా బారులు తీరి వచ్చి తన అక్కను కొట్టి పోతోంది.

“బావా, గట్ల గాదు. అడుగున పెట్టు చెయ్యి. అరచెయ్యి తెరిచి.”

“పెనం అడుగున ఎవడన్న పట్టుకుంటడా?” కొండల్ పెద్దగా నవ్వాడు. “వంట రానోళ్ళు చెప్పే ముచ్చట్లు! ఇగో చంద్రా, ముట్టమన్నవు, ముట్టిన. ఇగ సామాను సర్దుకో, పోదాం.”

చంద్రమతి గోడ వదిలి వచ్చింది. “నువ్వు అబద్ధమాడుతున్నవు. గంతే ఎట్లుంటది? నాకు తెల్వదా? ఇటియ్యి.” అతని చేతి నుంచి తొడుగు లాగి తన చేతికి ఎక్కించుకుంది. ఎంత నొప్పో మొహంలో చూపించి అతని నోరు మూయించాలని ఆమె ఉద్దేశం. వకుళ “అక్కా, ఆగు, అడుగున—” అనేలోపలే ఆమె చెయ్యి పోయింది. ఏళ్ళ తరబడి ఆ పెనం మీదనే వండిన చెయ్యి. సూటిగా పిడి మీదికే పోయింది.

చంద్రమతి అరవలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. వీపు నిటారైంది. ఎప్పుడూ ఎడమవైపు జారే పెదవి మెల్లగా సమంగా వచ్చింది. ఆమెను అంత పొడుగ్గా వకుళ ఎన్నడూ చూడలేదు.

తర్వాత పెనం వేలాడే తీగలు ఫట్టుమని తెగాయి.

మొదటి దెబ్బ కొండల్ చెంప మీద పడింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. అతను చేతులు అడ్డం పెట్టుకుంటే రెండోది వేళ్ళ మీద పడింది, మూడోది నెత్తి మీద. కింద పడ్డాక కూడా ఆమె ఆగలేదు. ఒక పన్ను గచ్చు మీద జారుకుంటూ పోయి ఎవరి బూటుకో తగిలి ఆగింది. అర్షద్ వెనక నుంచి ఆమెను వాటేసుకుని లాగాడు. వకుళ రెండు చేతులతో పెనాన్ని పట్టి ఊడదీసుకుంది. కొండల్ నోట్లోంచి నురగతో కలిసిన రక్తం బుడగలు వస్తున్నాయి. బతికే ఉన్నాడు.

గుమ్మంలో గుమిగూడిన జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో కలిశారు.

చంద్రమతి గచ్చు మీద కూలబడి కొంగుతో మెడ తుడుచుకుంది. “చెల్లె,” అంది, తృప్తిగా భోంచేసిన మనిషి గొంతుతో. “ఇన్నేండ్లు నాకు తెల్వలే. కొడితే పానం ఎంత అల్కగ ఉంటదో. ఆయన ఎందుకు కొడ్తుండెనో ఇప్పుడు సమజైంది.”

అర్షద్ తన చొక్కా విప్పి కొండల్ తలకు అదిమిపట్టి అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక కుర్రవాడు రక్తం తొక్కకుండా జాగ్రత్తగా పక్కనుంచి వచ్చి, మర్యాదగా అడిగాడు. “మేడం, ఇప్పటిది గూడ రికార్డ్ అయింటది కదా? పిడి మీదనే ఉంటదా?” అతని వెనక మరొకరు నిలబడ్డారు. ఆ వెనక ఇంకొకరు. బారు మళ్ళీ కడుతోంది.

వకుళ గచ్చు మీద చతికిలబడింది. పెనం ఆమె ఒడిలో బరువుగా ఉంది. ఈ గది కడుతున్న రోజుల్లో పరీక్ష పేరుతో ప్రతి పొద్దూ తను తొడుగు వేసుకుని దీన్ని పట్టుకునేది. పట్టుకున్న రోజున అన్నం రుచిగా ఉండేది, కలలు లేని నిద్ర పట్టేది. పని బాగా సాగుతున్న కళాకారుడి సంతోషం అనుకుంది దాన్ని.

“లేఖినీ,” అంది, పెదవులు కదిలీ కదలనట్టు. “నేను ఎక్కడ పట్టుకునేదాన్ని?”

“పిడి వైపు.”

“అడుగున ఒక్కసారి గూడ…?”

“లేదు.”

అక్క చేతి నుంచి తొడుగు తీసి తను వేసుకుంది. అది ఇంకా వెచ్చగా ఉంది. పెనాన్ని బోర్లించి మోకాళ్ళ మీద పెట్టుకుంది. మసిబారిన అడుగు, దాని మీద తడి. ఆమె కుడిచేతి వేళ్ళు వాటంతటవే ముడుచుకుని పిడి వైపు జరిగాయి. ఎడమచేత్తో వాటిని ఒక్కొక్కటిగా విప్పదీసి, అరచేయి పూర్తిగా చాచి, ఆ నలుపు మీద ఆనించింది.