బావేరు పేరు మారిన సంధ్య

సంధ్య ముదిరి చీకటిలో కలిసే ఘడియ... ఉరుము ఉరిమితే అద్దకం కొట్టంలో రంగుతొట్లు వణికాయి. చూరు మీద గుడ్లగూబ ఒకటే కూత!

నీలిరంగు మరకల నేల మీద ఒక కపాలం. దాని ముందు జుట్టు విరబోసుకుని అద్దకంవాడి భార్య. మొన్నమొన్నటి దాకా వీధి చివరికి వినబడేలా నవ్విన మనిషి... ఇప్పుడు నిద్రలోనూ మెలకువలోనూ ఒకే పేరు జపిస్తోంది. ఆ పేరుగలవాడు ఊళ్లో లేడు.

దయ్యాన్ని వదిలిస్తానని వచ్చిన మాంత్రికుడు పూటపూటకీ నిగనిగలాడుతున్నాడు. ఆమె చిక్కి శల్యమవుతోంది. అద్దకంవాడికి అదే అనుమానం.

"స్వామీ, మీ పేరేంటో ఇంతవరకూ చెప్పలేదు."

"నా పేరుతో నీకేం పని? ఈ ఆడదాన్ని ఏట్లో ముంచి లేపుతా. నువ్వు గడప దాటావో, నీ పెళ్లాం నీకు దక్కదు."

మాంత్రికుడు కపాలాన్ని మణికట్టుకు బిగించి కట్టుకుని ఆమెను నడిపించుకుపోయాడు.

ఏరు అన్న మాట అద్దకంవాడి చెవిలోనే ఉండిపోయింది. ఆ ఊరి ఆచారం ఒకటుంది. ఏట్లో ప్రాణం పోయేవాళ్లు చివరగా ఎవరిని పిలుస్తారో, ఆ పిలుపే ఏటికి పేరు. ఎన్నడో ఒక ఇల్లాలు "బావా" అంటూ మునిగిపోయింది గనుక అది బావేరు. వేసవిలో నీళ్లు తగ్గితే, బావగారు అలిగారని రేవులో ఆడవాళ్లు వేళాకోళమాడేవారు.

అడిగినా పేరు దాచాడంటే... తన భార్య నోట పలుకుతున్నది ఈ నీచుడి పేరే! ఆ పేరు పిలుస్తూ ఆమె మునిగితే, ఇరుదరుల జనం తరతరాలు దాన్నే జపిస్తారు. ఆ జపబలంతో వాడికిక మృత్యువే ఉండదు!

అతను గడప దాటి పరుగెత్తాడు.

ఆమె అప్పటికే పీకల్లోతు నీళ్లలో ఉంది. పేరు పలకబోతూ పెదవులు విడివడ్డాయి... సరిగ్గా అప్పుడే నీరు సుడి తిరిగింది. ఆ కపాలాన్ని మాంత్రికుడు మునుపు ఈ ఏటి ఇసుకలోంచే తవ్వి తీశాడు. అది ఆనాటి ఇల్లాలిది. తన మనిషిని ఏరు గుర్తుపట్టింది!

కపాలంతో పాటు వాడినీ లాక్కుపోయింది. ఆమె కళ్లలోని మసక విడిపోయింది.

"ఇదిగో, ఇక్కడున్నా. చెయ్యి ఇలా ఇవ్వు," అన్నాడు భర్త మెల్లగా.

"చలేస్తోందయ్యా," అందామె. నెల తర్వాత ఆమె సొంత గొంతు విని అతను నీళ్లలోనే ఏడ్చేశాడు.

నడి ఏట్లో మాంత్రికుడి తల ఒక్కసారి పైకి తేలింది. తన పేరు తానే అరిస్తే వాడు గెలిచేవాడు. కానీ మంత్రాలన్నీ ఉడిగిన ఆ నోట వచ్చింది ఒక్కటే...

"అమ్మా...!"

అంత క్రూరుడికీ ఆ పిలుపు మిగిలింది. ఏరు దాన్ని కాదనలేదు. మర్నాటి నుంచి అది అమ్మేరు.