ఒక డోసు తొండాట

మందు మళ్లీ పెరిగింది. స్క్రీన్ చూసి డాక్టర్ నీలవేణి నుదురు కొట్టుకుంది. పిల్లల ఐసీయూలో ఆ మంచం పక్కనున్న మెషీన్ ఆమె తయారుచేసిందే. పేరు ఊతం.

ఊతం చేసే పని చెప్పుకుంటే సులువే. ఇన్ఫెక్షన్ ముదిరి షాక్‌లోకి జారిన పిల్లలకు రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది. అప్పుడు అడ్రినలిన్‌లాంటి మందు ఎక్కించి నిలబెట్టాలి. ఎంత ఎక్కించాలో ఊతం ప్రతి గుండె చప్పుడుకీ చూసుకుంటుంది. పిల్ల కోలుకునేకొద్దీ మందు తగ్గించి తప్పుకోవాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఏడేళ్ల జాహ్నవికి ఇన్ఫెక్షన్ తగ్గింది, మాటలూ వచ్చాయి. ఊతం మాత్రం మందు కాస్త తగ్గిస్తుంది, బీపీ రవ్వంత దిగగానే హడలిపోయి మళ్లీ పెంచేస్తుంది. నడక వచ్చిన పిల్లను చంక దించని తల్లిలా తయారైంది.

"నేను చేత్తో తగ్గించినా అంతేనమ్మా," అంది నీలవేణి, జాహ్నవి తల్లి సౌదామినితో. "ఇలాగే ఎక్కిస్తూ పోతే మందు వల్లే వేళ్లకు రక్తం అందదు. వేళ్లు దక్కకపోవచ్చు."

సౌదామిని కూతురి వేళ్లకేసి చూస్తూ ఉండిపోయింది.

పిల్లకు తోచడం లేదని అక్క తన్మయిని లోపలికి రానిచ్చారు. కడిగిన గవ్వలతో అష్టాచెమ్మా మొదలైంది. ఇద్దరి వంతూ తన్మయే వేస్తోంది. "చెల్లికి ఒంట్లో బాలేదు, గెలవనియ్యి," అని తల్లి ముందే గట్టిగా చెప్పింది. జాహ్నవి గెలుస్తూ ఆవలించింది.

మూడో ఆటకి తన్మయి ఓపిక అయిపోయింది. మూడు పడితే నాలుగు గళ్లు జరిపి చెల్లెలి కాయని చంపేసింది.

"తొండి," అంది జాహ్నవి.

"తొండేం కాదు. నాలుగే పడింది."

"మూడు. నేను చూశా. అమ్మా, చూడవే దీన్ని."

పెద్దదాన్ని కసరబోయిన సౌదామిని చెయ్యి పట్టుకుని ఆపింది నీలవేణి. స్క్రీన్ మీద మందు తగ్గుతోంది, బీపీ దిగడం లేదు. కోపానికి పిల్ల ఒంట్లోని అడ్రినలిన్ ఎగదన్నింది. ఊతాన్ని భయపెడుతూ వచ్చిన ఆ రవ్వంత పల్లాన్ని అదే దాటించింది. ఊతం ఇంకాస్త తగ్గించింది. పోట్లాట చల్లారాక కూడా బీపీ అలాగే నిలబడింది. సాయంత్రానికి మెషీన్ తనంతట తానే ఆగిపోయింది. సౌదామిని కూతురి వేళ్లన్నీ ముద్దు పెట్టుకుని ఏడ్చింది. నీలవేణికి నవ్వు ఆగలేదు. ఎంత చదువు చదివితే ఏం, తొండాటని మందులా రాయాల్సొచ్చింది.

మర్నాడు పక్క మంచం బాబు వాళ్ల నాన్న తన్మయి దగ్గరికొచ్చాడు. ఆ బాబు ఒక్కడే సంతానం, వాడి మంచం పక్కనున్న ఊతం కూడా అలాగే మందు తగ్గించనని మొండికేసింది.

"అమ్మలూ, మావాడితో కూడా ఒకాట ఆడవూ? బాగా తొండి చెయ్యి తల్లీ."

తన్మయి ఆడింది. ఒక్క గడి తప్పు జరపకుండా, బుద్ధిగా ఆడి ఓడిపోయింది. ఊతం మందు చుక్క కూడా తగ్గించలేదు.

"తొండి చెయ్యమన్నారుగా, ఏమైందమ్మా?" అనడిగింది నీలవేణి.

"ఎలా చేస్తాను ఆంటీ?" అంది తన్మయి. "వాడు నా తమ్ముడు కాదుగా."