ధనకోటి ఎక్కని పడవ

తిరువళ్ళూరు పక్క మణవాళనగర్‌లోని ఆ ఇంట్లో రోజూ పొద్దున ఆరింటికి వెనక గది తలుపు రెండు నిమిషాలు మూసుకుంటుంది. మామయ్య జపం చేసుకుంటున్నాడని కోడలు మధుమిత నమ్మకం. నిజానికి ధనకోటికి జపమూ రాదు, తపమూ రాదు. మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్ళు తెరిచి పెడితే, భార్య మునిలక్ష్మి రెండు కళ్ళలో మందు చుక్కలు వేస్తుంది. ముప్పై నాలుగేళ్ళు సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసిన చెయ్యి అది. చుక్క పక్కకు పోదు.

"ఎట్లుండాది ఈ వారం?" అని అడిగిందామె ఆ రోజు.

"ఎదురుగా ఉండేది తెలుస్తాది మునీ. పక్కన ఎవురన్నా నిలబడుకుంటే తెలీదు" అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

ఆ జబ్బు పేరు నీటికాసులు. చూపు అంచుల నుంచి లోపలికి చీకటి మూసుకొస్తుంది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కొన్నాళ్ళు కాపాడుకోవచ్చు, వచ్చే ఏటికి ఎంత మిగులుతుందో మాత్రం చెప్పలేనన్నాడు డాక్టరు. ఈ మాట తెలిసింది వాళ్ళిద్దరికే. యాభై మందిని వెనక కూర్చోబెట్టుకుని బస్సు నడిపినవాడు కొడుకు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడమా అని ధనకోటి మొండికేశాడు. పిల్లలకు చెబితే మందు మానేస్తానని బెదిరించాడు కూడా. ఆమె సరేనంది. ఎంతమంది రోగుల చేత నిజం చెప్పించిందో లెక్కలేదు గానీ, సొంత మొగుడి దగ్గరికి వచ్చేసరికి తలుపు గడియ పెట్టింది.

ధనకోటి ముప్పై ఒక్క ఏళ్ళు తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి, తిరుత్తణి నుంచి తిరువళ్ళూరికి బస్సు నడిపాడు. అదే రోడ్డు, అవే గుంతలు. ఆయనకు పగలు డ్యూటీ అయితే ఆమెకు రాత్రి డ్యూటీ. ఒకే ఇంట్లో ఉంటూ గుమ్మం దగ్గర ఎదురుపడి పలకరించుకునే కాపురం. ఇద్దరూ రిటైరయ్యాక ఆయన ఒకటే అడిగాడు, స్పీడు బ్రేకరు లేని దారిలో నిన్ను పిలుచుకుని ఒక్కసారి పోవాలని. అట్లా వచ్చింది పళవేర్కాడు ఉప్పునీటి సరస్సులో పడవ.

పొన్నుస్వామి అనే ముసలి జాలరి దగ్గర కొన్న పాత పడవ అది. ఎనిమిది నెలలపాటు ప్రతి ఆదివారం పొన్నేరి దాకా రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో పోయి ఇద్దరూ పడవ పని నేర్చుకున్నారు. ఆయన గెడ వేయడం నేర్చుకుంటే, చుక్కాని, తెరచాప ఆమె పట్టింది. సరస్సులోని దీవులన్నీ పది రోజుల్లో చుట్టి రావాలని, రాత్రిళ్ళు దీవుల్లోని పల్లెల్లో పడుకోవాలని అనుకున్నారు. పర్మిషన్ కాగితానికి మూడుసార్లు తిరిగారు. ముసలోళ్ళకే దసరా పండగ అని వీధి నవ్వింది. నవ్వనీ అనుకుంది మునిలక్ష్మి. ఆ కళ్ళు ఆరిపోయేలోగా నీళ్ళ మీద వాలే రాజహంసల గుంపును ఆయనకు చూపించాలి, అంతే ఆమె పట్టుదల.

నవ్వలేకపోయింది కొడుకు విమల్ ఒక్కడే. అమ్మానాన్న చేపలు పట్టేవాళ్ళలా పడవేసుకుని తిరిగితే ఆఫీసులో తల ఎత్తుకోలేనన్నాడు. ఒకరోజు భయమన్నాడు, ఒకరోజు పరువన్నాడు, ఇంకొకరోజు బిడ్డ ధాత్రిని ఎవరు చూస్తారన్నాడు. మధుమిత పది రోజులు లీవు పెడతానని అప్పటికే మాటిచ్చిన సంగతి అతనికి తెలియదు. పెళ్ళాన్ని అడిగితే కదా తెలిసేది.

తై నెల కృత్తిక పండగ నాడు ధాత్రికి తిరుత్తణి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించారు. మేనమామ ఒళ్ళో కూర్చుని బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. గుండుకు గంధం పూసి ధనకోటి చేతికి ఇచ్చేసరికి మాత్రం కిలకిలమంది. ఎల్లుండే పడవ ప్రయాణం. దర్శనం చేసుకుని బయటికి వచ్చి, అందరూ కర్పూరం వెలిగించే చోట నిలబడ్డారు.

విమల్ కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించాడు. దండం పెట్టుకుంటాడనుకుంది మునిలక్ష్మి. కొడుకు తండ్రి వైపు తిరిగాడు.

"నాయనా, పడవెక్కనని కర్పూరం ఆర్పి సత్యం చెయ్యి. బిడ్డ తలమీద చెయ్యి పెట్టి చెప్పు. నాకు నిద్ర పట్టి నెలయింది."

ఆ వైపు జనానికి కోర్టు కాగితం కన్నా గట్టిది ఆ ప్రమాణం. పొలం తగాదాలు దాంతోనే తెగుతాయి, తాగుబోతులు దానికే భయపడి తాగుడు మానుతారు. ఒకసారి ఆర్పితే వెనక్కి తీసుకోవడం లేదు. మునిలక్ష్మి నోరు తెరిచేలోగా ధనకోటి ఒక చేత్తో మధుమిత చంకలోని మనవరాలి గుండు నిమిరాడు. రెండో చేత్తో మంటను చప్పున కొట్టి ఆర్పేశాడు.

"ఎక్కను రా. నువ్వు బాగా నిద్రపో" అన్నాడు.

మధుమిత ముఖం నల్లబడింది. తాను లీవు పెట్టానని మెల్లగా చెప్పింది, చెప్పి ఏం లాభం. మునిలక్ష్మి అందరికన్నా ముందు మెట్లు దిగింది. కారులో ఇంటిదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక వెనక గది తలుపు వేసి మొగుణ్ణి నిలదీసింది.

"నన్నొక మాట అడిగినావా బావా? ముప్పై ఏండ్లు చూస్తుండాను. ఎవురు విజిలేస్తే వాళ్ళకి బండి నిలిపేస్తావు. నేనొక్కదాన్నే నీకు వినపడను."

ధనకోటి మంచం అంచు మీద కూర్చుని కర్పూరం ఆర్పిన అరచెయ్యి రుద్దుకున్నాడు.

"బిడ్డ తలమీద చెయ్యి పెట్టమని అడిగితే ఎట్లా కాదనేది మునీ? వాడు భయపడతాండాడు."

"వాడికి కళ్ళ సంగతి తెలిస్తే అడిగుండేవాడా? ఇప్పుడన్నా చెప్తాను."

"వద్దు. తెలిస్తే వాడు జన్మంతా కుమిలిపోతాడు. నువ్వు పో. చూసొచ్చి నాకు చెప్పు, చాలు."

ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండింది. మొగుడు మంచివాడని ఊరంతా అంటారు. ఆ మంచితనానికి ప్రతిసారీ మూల్యం చెల్లించింది తానే. పంతానికి పోయి, గురువారం ఒక్కరోజుకైనా పడవ తీసి తీరతానని హాల్లోకి వచ్చి చెప్పేసింది. అమ్మను ఒంటరిగా ఎలా పంపేదని విమల్ గొణుక్కుంటూ తానూ వస్తానన్నాడు. తోడుగా పొన్నుస్వామి ఉంటాడు, సాయంత్రానికి తిరిగి రావాలి అని షరతు పెట్టాడు.

గురువారం పొద్దున పళవేర్కాడు ఒడ్డున ధనకోటి ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. పడవ తోయడానికి మోకాటిలోతు నీళ్ళలోకి దిగాడు. పడవ అంచును చేత్తో తడిమి, పోయిరండి అని ఒడ్డుకు వెళ్ళిపోయాడు. ఎనిమిది నెలలు గెడ వేయడం నేర్చుకున్న మనిషి. ఆయన జాగాలో కొడుకు గట్టిగా చెక్క పట్టుకుని కూర్చున్నాడు.

పొన్నుస్వామి గెడ వేశాడు. మునిలక్ష్మి తెరచాప ఎత్తింది. గాలి నిండేసరికి పడవ మెత్తగా సాగింది. పక్కనుంచి చేపల పడవ ఒకటి, అదీ చాప ఎత్తుకుని, ఉత్తరం వైపు పోతోంది. కాసేపటికి విమల్ భుజాలు సడలాయి. నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాడు. ఇంత లోతు తక్కువని తనకు తెలియదన్నాడు. వెనక్కి తిరిగి తండ్రికి చెయ్యి ఊపాడు.

ధనకోటి కూడా చెయ్యి ఊపుతున్నాడు. నవ్వుతూ, రెండు చేతులూ ఎత్తి, ఉత్తరం వైపు పోయే చేపల పడవకు.

"నాయన ఎవురికి ఊపుతాండాడు మా? మనం ఈడుండాము కదా."

 విమల్ లేచి నిలబడి నాయనా అని గట్టిగా అరిచాడు. ధనకోటి ఆ గొంతు కోసం తల అటూ ఇటూ తిప్పాడు. కొడుకు కూర్చున్నాడు. తల్లి ముఖంలోకి చూశాడు.

"ఎన్నాళ్ళుగా?"

"రెండేండ్లు. చూపు పూర్తిగా పోయేలోపల ఈ నీళ్ళు చూపిద్దామనుకున్నాను రా. నీకు చెప్పొద్దన్నాడు మీ నాయన. నేనూ చెప్పలేదు. చెప్పుంటే నువ్వు ఆ కర్పూరం వెలిగించి ఉండేవాడివి కాదు."

ఆ చివరి మాట కొడుకును తిట్టినట్టే ఉంది గానీ, అంటున్నంతసేపూ అది తనకే తగులుతోందని ఆమెకు తెలుసు. విమల్ రెండు చేతులతో ముఖం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. ఓదార్చే ముఖం తనకూ లేదనిపించింది. పొన్నుస్వామిని అడగకుండానే చుక్కాని ఒడ్డు వైపు తిప్పింది.

పడవ ఆగకముందే విమల్ నీళ్ళలోకి దూకాడు. తడి ప్యాంటుతో పోయి తండ్రి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఎక్కు నాయనా. ఆ పాపమంతా నాకు తగలనీ. నేను మోస్తాను."

ధనకోటికి సంగతి అర్థమైంది. భార్య వైపు ఒకసారి, ఆమె ఉందనుకున్న వైపు, చూశాడు. కోప్పడలేదు. కొడుకు తల మీద చెయ్యి వేశాడు.

"నీ తలమీద సత్యం చేసుంటే ఎక్కేవాణ్ణేమో రా. పసిబిడ్డ తలమీద చేసినాను. ఎట్లా ఎక్కేది?"

ఎంత బతిమాలినా వినలేదు. చేతులు కాలాక పట్టుకునేందుకు ఆ ఒడ్డున ఆకులు కూడా లేవు. చివరికి విమల్ తండ్రి పక్కన ఇసుకలో కూర్చున్నాడు. అప్పుడు ధనకోటే అడిగాడు, దూరంగా తెల్లగా ఏదో తెలుస్తోంది, నురుగా, పక్షులా అని.

"పక్షులే నాయనా. వెయ్యి ఉంటాయి. కాళ్ళు పొడుగ్గా, ఎర్రగా ఉండాయి. ఇప్పుడు ఒకటి లేస్తాంది..." అంటూ మొదలుపెట్టాడు విమల్. మధ్యలో ఆగి మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"చెప్పు రా. తర్వాత?" అన్నాడు ధనకోటి.

పడవలో నిలబడే ఉన్న మునిలక్ష్మి తెరచాప తాడు వదిలేసి ఏడ్చింది.