బొంగురు గొంతు ఇంగ్లీషు

చనిపోయే ముందు అన్న నవ్వాడు.

ఆ నవ్వు టేపులో స్పష్టంగా వినిపించింది. వేషం మార్చి ముఠాలో దూరిన అన్న చొక్కా గుండీలో దాచిన మైక్రోఫోన్ అన్నీ పట్టుకుంది. ముందుగా ఒక బొంగురు గొంతు, "టేక్ హిమ్ ఫర్ ఎ రైడ్" అంది. "ఓ, థాంక్యూ సర్! కారు చాలా బాగుంది" అన్నాడు అన్న నవ్వుతూ. తలుపు మూసిన చప్పుడు. ఇంజను మోత. కాసేపు రోడ్డు హోరు, అందులో అన్న పాట. ఆ తర్వాత ఒకే ఒక్క తుపాకీ పేలుడు.

చీఫ్ టేపు ఆపాడు. ఎదురుగా కూర్చున్న తమ్ముడు కదల్లేదు. డిపార్ట్‌మెంటులో అతన్ని గండుచీమ అంటారు. మనిషి పొట్టి. పట్టు పట్టాడంటే ప్రాణం పోయినా వదలడు.

"కారులో షికారుకి తీసుకెళ్ళమన్నాడు. అంతేగా సర్?"

"మాటకి మాట చెప్పుకుంటే అంతే. మామూలు జనం నోట మోసం చెయ్యడం. ఈ ముఠాల నోట మాత్రం కారెక్కించి తీసుకెళ్ళి చంపెయ్యడం. అదొక జాతీయం."

గండుచీమ దవడ బిగుసుకుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే బడిలో, ఒకే డిక్షనరీ ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకున్నారు. అన్న స్థానంలో తనున్నా ఆ కారెక్కి థాంక్యూ చెప్పి ఉండేవాడు.

"వీళ్ళ ఫోన్లన్నీ వింటున్నాం" అన్నాడు చీఫ్. "అంతా ఊసుపోక కబుర్లలాగే ఉంటుంది. బకెట్లు తంతారు, చిక్కుళ్ళు ఒలకబోస్తారు. స్థానికంగా కుదుర్చుకున్న మనుషులకి ఆ భాష నేర్పడానికి ఒక స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ పెట్టారు. అక్కడి టీచర్ డబుల్ ఏజెంట్. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఎవరికి ఎక్కువో నాకూ తెలీదు. నువ్వు స్టూడెంటుగా చేరు."

"బొంగురు గొంతువాడి మొహం ఎలా ఉంటుంది?"

"చూసినవాడు ఒక్కడే బతికున్నాడు. వాళ్ళ దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన కెమిస్టు. వస్తుంటే దారిలో కాల్చారు. ఆస్పత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇంకా స్పృహ రాలేదు."

వెళ్ళేముందు గండుచీమ వదిన దగ్గరికి వెళ్ళాడు. ఆమె అన్న చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఎందుకని అతను అడగలేదు.

"ఓదార్చడానికి వచ్చావా?" అంది తలెత్తకుండా.

"కాదొదినా. పని మీద పోతున్నాను. చెప్పిపోదామని."

"ఆ పని మీదేనా?"

"దాని మీదే."

ఇస్త్రీపెట్టె చొక్కా కాలరు మీద గట్టిగా నొక్కిపెట్టింది. "అయితే వెళ్ళు. ఇక్కడ నించుని నీళ్ళు నమలకు."

సెంటరు డ్రైక్లీనింగ్ షాపు పై అంతస్తులో ఉంది. మెట్ల మీదంతా ఆవిరి వాసన. గండుచీమ వాటర్ ఫిల్టర్లు అమ్మే సేల్స్‌మన్ వేషంలో టై కట్టుకుని వెళ్ళాడు. అతని కళ్ళద్దాల కాడలో రిసీవరు, టై పిన్నులో మైకు ఉన్నాయి.

టీచర్ లోపలికి రాగానే గదిలో గుసగుసలు ఆగిపోయాయి. నల్లచీర, పొట్టిజుట్టు, ఎవరినీ నమ్మని కళ్ళు. అందగత్తె అని చీఫ్ చెప్పలేదు. కావాలనే చెప్పి ఉండడు.

గండుచీమ చెయ్యెత్తి కోడ్ అడిగాడు. "మేడమ్, రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ అంటే?"

ఆమె సుద్దముక్క తిప్పుతూ అతన్ని ఎగాదిగా చూసింది. "కుండపోత. మీరు గొడుగు తెచ్చుకోవాల్సింది."

బయట ఎండ మండిపోతోంది. కోడ్ సరిపోయింది.

ఆ రోజు నుంచి అతను కసితో చదివాడు. స్పిల్ ద బీన్స్ అంటే గుట్టు రట్టు చెయ్యడం. మనవాళ్ళు నీళ్ళు నమిలితే ఇంగ్లీషువాళ్ళు పొద చుట్టూ బాదుతారు. కిక్ ద బకెట్ దగ్గరికొచ్చేసరికి టీచర్, "దీనికి తెలుగు అక్కర్లేదు. మనమూ బాల్చీయే తన్నేస్తాం" అంది. క్లాసంతా గొల్లుమంది. గండుచీమకి మాత్రం నవ్వు రాలేదు. ఒక్కో మాటా అన్నకి ఎవరూ చెప్పకుండా దాచిన మాటలా అనిపించేది. చదవడం అయ్యాక ఆ బొంగురు గొంతు టేపు వినేవాడు, నిప్పుకి గాలి కొట్టినట్టు.

క్లాసులో ముందు బెంచీ మీద ఒక ఎలక్ట్రీషియన్ కూర్చునేవాడు. అందరూ వాణ్ణి ఫ్యూజు అనేవాళ్ళు. వాడికి ఒక్క జాతీయమూ తలకెక్కలేదు. పీస్ ఆఫ్ కేక్ అంటే తేలికైన పని అని ఎన్నిసార్లు చెప్పినా, "కేకు ఎవరు తెచ్చారు మేడమ్?" అనేవాడు.

ఒక మధ్యాహ్నం క్లాసు మొదలవుతుండగా చెవిలో చీఫ్ గొంతు హుషారుగా పలికింది.

"బొంగురు గొంతు ఫోన్ దొరికింది. 'పుల్ ద ప్లగ్, టుడే' అన్నాడు. అంటే తెలుసుగా?"

"మధ్యలో ఆపెయ్యడం. రద్దు చెయ్యడం."

"శభాష్! తోక ముడిచారు. కెమిస్టు గది ముందున్న గార్డుల్ని రైల్వే స్టేషన్‌కి పంపేస్తున్నాను. పారిపోతుంటే అక్కడే పట్టుకుందాం."

గండుచీమ టీచర్‌ని వరండాలోకి పిలిచి విషయం చెప్పాడు. ఆమె తల ఊపింది. "అర్థం సరైనదే."

అతను వెనక్కి తిరిగాడు. ముందు బెంచీ ఖాళీగా ఉంది.

"ఫ్యూజు ఏడీ?"

ఆమె మొహం పాలిపోయింది. "ఆ ఫోన్ ఎవరికి వెళ్ళిందో కనుక్కో. తొందరగా."

"చీఫ్, నంబరు ఎవరిది?"

"ఆగు, ఇప్పుడే చూస్తున్నాను... ఆస్పత్రి మెయింటెనెన్సులో కొత్తగా చేరిన ఎలక్ట్రీషియన్‌ది. ఎందుకు?"

గండుచీమ ఆ మాటే పైకి అన్నాడు. "నేనే చెప్పాను" అంది టీచర్ గోడ పట్టుకుని. "వీడికి జాతీయాలు ఎక్కవు, వీడితో ఉన్నది ఉన్నట్టు మాట్లాడండి అని బొంగురు గొంతుకి నేనే చెప్పాను. రద్దు కాదు. నిజంగానే ప్లగ్గు!"

గండుచీమ అప్పటికే మెట్లు దూకుతున్నాడు.

ఆస్పత్రి మూడో అంతస్తులో గార్డుల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. టూల్ బ్యాగుతో ఫ్యూజు ఎదురొచ్చాడు. గండుచీమని చూసి బెదిరిపోయి బ్యాగు వదిలేసి పరిగెత్తాడు. బ్యాగులోంచి వెంటిలేటర్ బ్యాటరీ దొర్లింది.

గదిలో చప్పుడు లేదు. కెమిస్టు పెదవులు నీలిరంగుకి తిరుగుతున్నాయి. ప్లగ్గు నేలమీద పడుంది. గోడలోని సాకెట్టు పగిలి వేలాడుతోంది. గండుచీమ మోకాళ్ళ మీద కూలబడి ప్లగ్గు దోపాడు. నిలవలేదు, ఊడిపోయింది. మళ్ళీ దోపి, కుడిచేత్తో ప్లగ్గునీ సాకెట్టునీ కలిపి గోడకి అదిమిపట్టాడు. మిషన్ బుస్సుమంది. కెమిస్టు ఛాతీ లేచింది.

"మే ఐ హెల్ప్ యూ?"

వెనకనుంచి బొంగురుగా వచ్చింది ఆ గొంతు. ఎన్నోసార్లు విన్న టేపు. తల తిప్పాడు. డాక్టరు కోటు, మెడలో స్టెతస్కోపు, చేతిలో కత్తి. ఏ ఆఫీసులోనైనా కనిపించే పెద్దమనిషి మొహం.

"మీ అన్న పోలికలే" అన్నాడు బొంగురు గొంతువాడు తెలుగులోకి దిగి. "ఆ చెయ్యి తీశావంటే కెమిస్టు పోతాడు. తియ్యకపోతే నువ్వు పోతావు. నీ ఇష్టం."

గండుచీమ పిస్తోలు కుడి నడుముకి ఉంది. ఎడమచేత్తో తడిమాడు. అందలేదు. కుడిచెయ్యి వదిలితే చాలు, వాడి గుండెల్లో తూటా దించొచ్చు. ఆ వేళ్ళు అందుకే తహతహలాడాయి. మంచం మీద కెమిస్టు ఛాతీ లేచి, పడి, మళ్ళీ లేచింది. అతను పళ్ళు కొరికి ప్లగ్గుని ఇంకా గట్టిగా అదిమాడు.

తలుపు తోసుకుని టీచర్ వచ్చింది. చేతిలో పిస్తోలు. గొట్టం సూటిగా గండుచీమ నుదుటికేసి ఉంది.

"గుడ్" అన్నాడు బొంగురు గొంతువాడు, అతని అవతలి పక్కకి జరిగి కత్తి ఎత్తుతూ. "షూట్ హిమ్."

ఎవరికి ఎక్కువ పనిచేస్తుందో చీఫ్‌కే తెలీదు. గండుచీమ ఆమె కళ్ళలోకి చూశాడు.

"తల దించు" అంది ఆమె తెలుగులో.

దించాడు. తూటా అతని మీదుగా దూసుకెళ్ళింది. బొంగురు గొంతువాడు భుజం పట్టుకుని కూలిపోయాడు. కత్తి మంచం కిందికి జారిపోయింది. టీచర్ వచ్చి గోడ దగ్గర ప్లగ్గు అందుకుంది.

గండుచీమ చెయ్యి ఖాళీ అయింది. పిస్తోలు తీసి వాడి నుదుటికి ఆనించాడు.

"మీ అన్న దారంతా పాటలు పాడుతూనే ఉన్నాడు" అన్నాడు వాడు నొప్పిలోనే నవ్వుతూ.

ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది.

"వాడికి కావలసిందదే" అంది టీచర్ ప్లగ్గు వదలకుండా. "ఒక్క క్షణంలో పోతే వాడికి హాయి. తన మనుషుల్ని తన నోటితోనే పట్టించమను. రోజుకి ఒకణ్ణి. వాడు చచ్చేదాకా చావాలి."

గండుచీమ వేలు సడలించి, పిస్తోలు మడమతో వాడి గాయం మీద ఒక్కటిచ్చాడు. నవ్వు ఆగిపోయింది.

డాక్టర్లు వచ్చి వెంటిలేటర్‌ని వేరే సాకెట్టుకి కలిపారు. కిందికి పరిగెత్తిన ఫ్యూజు గేటు దగ్గరే దొరికాడు. "చెప్పిన పనే చేశాను సార్" అని అందరికీ అదే చెబుతున్నాడట.

గండుచీమ వదినకి ఫోన్ చేశాడు.

"దొరికాడు."

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఎందుకు?"

"వాడి వెనకున్న ఒక్కొక్కడి పేరూ వాడే చెప్పాలి. అందరూ బోనెక్కేదాకా వాడు చూస్తూ ఉండాలి."

"అయితే సరే" అంది వదిన. అప్పుడు ఆమె ఏడుపు వినిపించింది. అది ఆగేదాకా అతను ఫోన్ పెట్టలేదు.

వారం తిరక్కుండా కెమిస్టు కళ్ళు తెరిచాడు. తన ముందు నిలబెట్టినవాడి మొహం చూడగానే గుర్తుపట్టి వేలు చూపించాడు. అక్కడితో బొంగురు గొంతువాడి ధైర్యం చెదిరింది. సాయంత్రం ఇంటరాగేషన్ గదిలోంచి గండుచీమ బయటికి రాగానే చీఫ్ ఎదురొచ్చాడు.

"ఏమంటున్నాడు?"

"సింగింగ్ లైక్ ఎ కెనరీ, సర్. పిట్టలా పాడేస్తున్నాడు. అడక్కుండానే అందరి పేర్లూ."

చీఫ్ మూసున్న తలుపుకేసి చూసి మొహం చిట్లించాడు.

"ఆ గొంతుతోనా?"