తూకం గదిలో హార్డ్ డిస్కు

నాలో ఒక గొప్ప గుణం ఉంది. ఎవరు ఏమడిగినా తెలీదని చెప్పి పంపను. చదివింది పదో తరగతి, అదీ రెండు సార్లు. అయినా మా ఎమ్మిగనూరులో మైకులు, మిక్సర్ల సంగతిలో ఎవరికి అనుమానమొచ్చినా నాకే ఫోను చేస్తారు. ఆ దానగుణం వల్లే ఈ కథ ఇంత దూరం వచ్చింది.

ఆదోనిలో మూతపడిన జిన్నింగ్ మిల్లు ఒకటుంది. అందులో పత్తి తూకం వేసిన గది. పొద్దు మునిగితే ఆ పక్కకు కుక్క కూడా పోదు. కాపలా లక్ష్మప్ప ఆ గదిలోనే పోయినాడు. ఇప్పటికీ రాత్రిపూట చేతికర్ర నేలకు కొడతా తిరుగుతాడని పేరు. టక్... టక్... అని.

మా ప్రభుదాసు సరిగ్గా ఆ గదే వెతికి పట్టి రికార్డింగు స్టూడియో పెట్టినాడు.

"మనిషి రాడు, ఆటో రాదు, పెళ్లి బ్యాండు రాదు. ఇంత నిశ్శబ్దం యాడ దొరుకుతాదన్నా?"

నిజమే. బయటి సప్పుడు రాకుండా గోడలకు స్పాంజి కొట్టే పని లక్ష్మప్పే తప్పించినాడు.

ఇక ప్రభుదాసు చెప్పింది చెప్పినట్టే...

పుష్యమాసం చలి. కోసిగి మంజుల ఆ సాయంత్రం వచ్చి, కలుపు తీస్తా తాను కట్టుకున్న పాట పాడిపోయింది. తెల్లారితే సుగ్గికి పోవాల. అంటే గుంటూరు దిక్కు మిరపకాయలు కోసే పనికి. మళ్లీ వచ్చేది ఎండాకాలంలోనే. పాట ఉన్నది ఒక్క హార్డ్ డిస్కులో. తప్పులుంటే ఆ రాత్రే వెతికి, ఆమె లారీ ఎక్కేలోగా మళ్లీ పాడించాల.

ప్రభుదాసు కూర్చున్నాడు. డప్పు, తాళాలు, వంతపాట... ఒకదాని మీద ఒకటి పేరుస్తా పోయినాడు. డిస్కు ఊపిరి తీసుకోకుండా తిరుగుతాంది.

అర్ధరాత్రి దాటింది...

టక్.

చెవులకున్న హెడ్‌ఫోను తీసినాడు. ఏమీ లేదు.

టక్... టక్...

పాట ఆగిపోయింది. తెర మీద డిస్కు గుర్తే లేదు!

నాకు ఫోను చేసినాడు.

"అన్నా... వచ్చినాడన్నా."

"ఎవరప్పా?"

"లక్ష్మప్ప. కర్ర సప్పుడు... డిస్కులో నుంచే వస్తాంది. మంజుల పాట మింగేసినాడు."

నేను నిద్రపోయినా నా గుణం నిద్రపోదు. "దుమ్ము పోయుంటాది లేప్పా. ఏమన్నా మందంగా కప్పు" అన్నాను.

మెడకు చుట్టుకున్న ఉన్ని శాలువా తీసి కప్పినాడు.

టక్... ... టక్... ...

ఆగిపోయింది.

"చూసినావా?" అన్నాను.

"సప్పుడు పోయిందన్నా... డిస్కు లైటు కూడా పోయింది."

నేను ఫోను పెట్టేసినాను. గురువులు ఎక్కువ మాట్లాడరు.

ప్రభుదాసు వైరు పీకి, కప్పిందంతా జారిపడినా చూడకుండా, డిస్కును పట్టుకుని బయటికి ఉరికినాడు. వాకిట్లో రాతి అరుగు మీద పెట్టి, దాని ముందర మోకాళ్లూని ప్రార్థన పట్టినాడు. చలిగాలి ఈడ్చి కొడతాంది.

తెల్లవారుజామున భార్య మేరి టీ తెచ్చింది. ఆమెను ముందర పెట్టుకుని లోపలికి పోయి, డిస్కు తగిలించినాడు.

పాట ఉంది!

"స్తోత్రం!" అని ఏడ్చినాడు. సంతోషంతో మళ్లీ మళ్లీ వింటా కూర్చున్నాడు. మేరి కింద పడినవి దులిపి, యథాస్థానంలో తొడిగి పెట్టింది.

కొంచెం సేపటికి...

టక్.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మేరి మెల్లగా డిస్కు మీద చెయ్యి పెట్టింది.

"యేసయ్యా! జరమొచ్చిన బిడ్డ మాదిరి కాలతాంది!"

అప్పుడు చూసినాడు ప్రభుదాసు. శాలువా కింద ఇంకొకటుంది. మా ఇండ్లలో టీవీకి, మిక్సీకి గుడ్డ తొడగనిది ఎవరూ ఊరుకోరు. మిల్లు దుమ్ము పడకూడదని మేరి ఎప్పుడో డిస్కుకు బొంత కుట్టి తొడిగింది. లోపల నిండా పత్తి. చుట్టూ లేసు.

ఇద్దరూ కలిసి దాని బట్టలు ఊడదీసినారు. గాలి ఆడేదానికి కింద అగ్గిపెట్టెలు పెట్టి, ఫ్యాను కిందికి జరిపినారు. వేడి దిగినాక సప్పుడు లేదు. పాట ఫోనులోకి ఎక్కింది. బండి మీద పరిగెత్తినారు.

మంజుల లారీ మెట్టు మీద నిలబడి కడదాకా విన్నది. తప్పు లేదంది. జరిగిందంతా కూడా విన్నది.

"నా గొంతుకు బొంత కప్పి, పైన శాలువా కూడా కప్పినారా అన్నా? సన్మానం సేసినారా, సంపినారా?"

లారీ కదిలింది. ఆడోళ్ల నవ్వు రోడ్డు మలుపు దాకా వినపడిందంట.

డిస్కు ఎంత వేడిదాకా ఓర్చుకుంటుందో, ఎప్పుడు ఆపి చల్లారనివ్వాలో, నాకిప్పటికీ తెలీదు.